ముగ్గు వెనక తెరుచుకోని పేజీ

ఐదో మంచె. ఒత్తిడి గది డ్యూటీ లాగ్. రాసేది వీరవేణి.

విదియ, పోటు వేళ

కొత్త సిస్టమ్ పెట్టేశారు. దాని పేరు నిశ్చింత. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి సముద్రం మీద కాపురం లేదు.

గట్టు ఆఫీసు నుంచి లాంచీలో ఒక ఇంజినీరు దిగాడు. పేరు ప్రణీత్, తెల్లబూట్లు. నడిసముద్రంలో ఇనప కాళ్ల మీద నిలబెట్టిన మా మంచె నిచ్చెన ఎక్కుతూ ఎక్కుతూనే కక్కుకున్నాడు. అయ్యో పాపం అనుకుని ఉప్పేసిన గంజి ఇచ్చాను. ఆ గంజి తాగి, మూతి తుడుచుకుని, నేను ఏళ్ల తరబడి వాడుతున్న సిస్టమ్‌ని మొత్తం ఊడ్చిపారేశాడు. "పాతదానికి సపోర్ట్ లేదు మేడం. ఇక మీకు ఏ బాధా ఉండదు" అన్నాడు. అంతకుముందు నాకున్న బాధేమిటో మాత్రం చెప్పలేదు.

పాత సిస్టమ్‌లోని ఫైళ్లన్నీ ఒక కొత్త ఫోల్డర్‌లో కుక్కి, "ఇదిగో మేడం, అన్నీ ఇందులోనే" అన్నాడు. ఇంతలో మా అత్త మసేనమ్మ తల దూర్చి, "కొత్తది కదా, ముగ్గు పెట్టారా?" అంది. ఇనప నేల మీద పిండి ముగ్గు గాలికి నిలవదు, పైగా బియ్యం గట్టు నుంచి రావాలి. అందుకని మా మంచెల మీద ఎప్పటినుంచో కీబోర్డు ముగ్గే. రెండు నిలువు గీతల మీద రెండు అడ్డగీతలున్న గుర్తు ఉంటుంది కదా, అదే. కొత్త ఫోల్డర్ ఏది పెట్టినా దాని పేరు ముందు ఆ గుర్తు పడాల్సిందే. అత్త వేలికి పసుపు రాసుకుని తనే ఆ మీట నొక్కింది. ప్రణీత్ "సో క్యూట్" అని ఫోటో తీసుకున్నాడు.

అతను వెళ్లాక నిశ్చింత నన్ను పలకరించింది. "వీరవేణి గారూ, ఈ రోజు మీ మనసెలా ఉంది?" అని. దీని మొహం మండ, నా మనసుతో దీనికేం పని? రోతగా ఉంది అని కొట్టాను. రోత అన్న మాట కింద ఎర్రగీత గీసి, "స్వల్ప అసౌకర్యం" అని మార్చమంటారా అని అడిగింది. వద్దు. రోత. రోత. రోత. గీసుకో ఎన్ని గీతలు గీసుకుంటావో.

తదియ, పాటు వేళ

పొద్దున్నే డబ్బా కడిగాను. ఒత్తిడి గదిని ఇక్కడెవరూ ఒత్తిడి గది అనరు, డబ్బా అంటారు. ఒకరు పడుకుని ఇంకొకరు పక్కన కూర్చునేంత ఇనప పీపా, గుండ్రటి అద్దం, బరువైన తలుపు. తలుపు రబ్బరుకి గ్రీజు పెట్టాను. లోపలి చెడుగాలి పీల్చే సున్నం పళ్లేలు మార్చాను. సముద్రం అడుగు నుంచి తొందరపడి పైకొచ్చినవాడికి లోతువాతం పడుతుంది. రక్తంలో గాలి బుడగలు కట్టేస్తాయి. వాణ్ణి ఈ డబ్బాలో పెట్టి, మళ్లీ లోతులో ఉన్నంత ఒత్తిడి ఎక్కించి, మెల్లగా దింపుతాను. ఎంత ఎక్కించాలి, ఎంతసేపు ఉంచాలి అనే పట్టికలున్నాయి. మామూలు నొప్పుల పట్టిక నాకు కంఠతా వచ్చు. వెన్ను పట్టినవాళ్ల పట్టిక వేరు. నా చేతుల్లో దాని అవసరం ఎప్పుడూ పడలేదు. అది డబ్బాతోపాటు వచ్చిన సహాయ ఫైలులో ఉంటుంది. కాగితం మీద రాసిపెడితే ఈ ఉప్పుగాలికి బూజుపట్టి పోతుంది.

సరే ఒకసారి చూద్దామని సహాయం బొమ్మ నొక్కాను. "ఈ ఫైలు పాత తరహాది. మీ భద్రత కోసం దీన్ని తెరిచే ప్రోగ్రామ్‌ను తొలగించాం. ఇంకేమైనా సహాయం కావాలా?" అంది. సహాయం తెరవనని చెప్పి సహాయం కావాలా అని అడిగే జన్మని ఇదే చూడటం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టుంది నా బతుకు.

గట్టుకి ఫోన్ కొట్టాను. ప్రణీత్ దొరికాడు. "ఆ ఫార్మాట్ అవుట్‌డేటెడ్ మేడం, ఇప్పుడెవరూ వాడరు" అన్నాడు. "నేను వాడతాను బాబూ" అన్నాను. "టికెట్ రైజ్ చేయండి, పనిదినాల్లో చూస్తాం" అన్నాడు. సముద్రంలో పనిదినాలేమిట్రా నాయనా? ఇక్కడ సముద్రానికి ఆదివారం లేదు, చేపకి సెలవు లేదు.

మా మరిది లోవరాజు గుమ్మంలో నిలబడి ఈ గోలంతా విన్నాడు. "ఏంటి వదినా, దాంతో పోట్లాడుతున్నావా, కాపురం చేస్తున్నావా?" అన్నాడు.

"నీతో పడలేకే చస్తున్నాను, మళ్లీ ఇదొకటి" అన్నాను.

వాడు నవ్వి, బెల్టు బిగించుకుంటూ పోయాడు. కింద మునిగిపోయిన ఊళ్ల కరెంటు తీగలు కోసి పైకి తేవడం వీళ్ల పని. ఆ రాగి మీదే మా మంచె బతుకుతోంది. మిగతా మునకగాళ్లందరూ మా ఆయనతో కలిసి రాగి దించడానికి గట్టుకి పోయి, వాయుగుండం పట్టడంతో అక్కడే ఇరుక్కుపోయారు. లాంచీలు ఆపేశారు. ఒంటరిగా దిగొద్దురా అని చెప్పాను. "ఒక్క చుట్ట తీగ వదినా, తాడు కట్టి వదిలేశాను, ఎవరైనా కాజేస్తారు" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చవితి, పొద్దున్న

లోవరాజుని మోసుకొచ్చారు.

అడుగున తీగ కాలికి మెలేసుకుంది. విడిపించుకునేసరికి గాలి అయిపోవచ్చింది, ఒక్క ఉదుటున పైకొచ్చేశాడు. భుజం నొప్పి, ఒళ్లంతా దురద. డబ్బాలోకి తోసి, తలుపు బిగించి, మామూలు పట్టిక మొదలుపెట్టాను. భుజం నొప్పి తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు డబ్బా లోపలి ఫోన్‌లో వాడి గొంతు వచ్చింది. "వదినా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

"ముందు నుంచీ ఉందా?"

"లేదు, ఇప్పుడే. పాదాల దగ్గర మొదలై పైకి పాకుతోంది."

అది వెన్నుకి పట్టింది. ఉన్న ఒత్తిడి దగ్గరే ఆపి ఉంచాను. ఇంకా లోతుకి తీసుకెళ్లాలి, అది తెలుసు. ఎంత లోతుకి, ఎంతసేపు, ఏ గాలి, మధ్యలో ఎన్నిసార్లు ఆపాలి, అదే తెలియదు. అంచనా తప్పితే మనిషే పోతాడు. గట్టు డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మంచిదే ఆవిడ. "అమ్మా, మా దగ్గర ఆ డబ్బా లేదు. మీ మెషిన్ పట్టిక మీ మెషిన్‌కే సొంతం. త్వరగా చూడు, ఎంత ఆలస్యమైతే కాళ్లు అంత చచ్చుపడతాయి" అంది.

నిశ్చింతని అడిగాను. "లోతువాతం లక్షణాలు కనిపిస్తే వెంటనే అర్హత కలిగిన వైద్యుణ్ణి సంప్రదించండి. మీరు ఆందోళనలో ఉన్నట్టు అనిపిస్తోంది. దీర్ఘశ్వాస తీసుకుందామా?" అంది. థూ. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. ఇది నిప్పు కూడా అడగలేదు, పక్కన కూర్చుని ఊపిరి తీసుకోమంటోంది.

చవితి, పొద్దెక్కాక

ఫైలు నా కళ్ల ముందే ఉంది. దాని పేరు కనిపిస్తోంది, బరువు కనిపిస్తోంది. దాన్ని తెరవనివ్వదు. ఇంకోచోటికి జరపనివ్వదు, నకలు తియ్యనివ్వదు, పక్క మంచెకి పంపనివ్వదు. పాత తరహా ఫైళ్లని ఏం చెయ్యొచ్చమ్మా అంటే ఒకటే చెయ్యనిస్తుంది, పారెయ్యనిస్తుంది.

రేడియోలో ఎనిమిదో మంచెని పిలిచాను. అక్కడి డబ్బా వేరే రకం, దాన్ని చూసేది అప్పలస్వామి బాబాయ్. పెద్ద నోరు, అంతకన్నా పెద్ద డప్పు. "నేను ముందే చెప్పలేదూ ఈ నిశ్చింత మన కొంప ముంచుతుందని?" అని మొదలుపెట్టాడు. ఎప్పుడూ చెప్పలేదు. "బాబాయ్, నీ గొప్పలు రేపు వింటాను, లోవాడి కాళ్లు పోతున్నాయి" అన్నాను. అప్పుడు నోరు మూసుకుని, పాత ఫైళ్లు తెరిచే రీడర్ ఒకటి ఇంకా మార్చని తన పాత సిస్టమ్ నుంచి తీసి లింకులో పంపాడు. అది ఎక్కించనివ్వడానికి నిశ్చింత పెట్టిన ఏడుపు చెప్పనలవి కాదు. ఖచ్చితమేనా అంది, నిజంగా ఖచ్చితమేనా అంది, మీవాళ్లతో ఒకసారి మాట్లాడి చూస్తారా అంది. మావాడే లోపలున్నాడే ముండా, మాట్లాడుతూనే ఉన్నాను.

ఎక్కింది. ఫైలు తెరిచాను. ఎడమ పక్క అధ్యాయాల పేర్లు వచ్చాయి. తలుపు సంగతి, గాలి సంగతి, మామూలు నొప్పులు, వెన్ను పట్టినవారికి. నాకు ఏడుపొచ్చేసింది. వెన్ను పట్టినవారికి అన్నదాన్ని నొక్కాను. కుడి పక్క తెల్లగా ఖాళీ పేజీ.

"అది బయట నుంచి వచ్చిన ఫైలని మూసేసి ఉంటుంది. ఫైలు వివరాల్లోకి పోయి, అడుగున అడ్డు తీసెయ్యమని గడి ఉంటుంది, అది నొక్కు" అన్నాడు బాబాయ్. ఆ గడి నొక్కాను. మళ్లీ తెరిచాను. పేర్లున్నాయి, పేజీ లేదు.

"అయితే ఫైలే చెడిపోయిందే" అన్నాడు.

"నీ నోట్లో మన్ను పొయ్య, అలా అనకు బాబాయ్" అన్నాను.

"వదినా" అన్నాడు లోపల లోవరాజు. "మోకాళ్ల దాకా వచ్చేసింది." వాడి గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. వాడలా మర్యాదగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఉండరా, దొరికేసింది" అని అబద్ధమాడాను.

బాబాయ్ కాసేపు గొణిగి, "ఫైలు ఎక్కడుందో ఆ దారి మొత్తం చదువు" అన్నాడు. చదివాను. డ్రైవు పేరు, తర్వాత ముగ్గు, తర్వాత డబ్బా, తర్వాత ఫైలు పేరు.

అటునుంచి ఒకే అరుపు. "ముగ్గు పెట్టారా!"

"పెట్టకుండా ఎలా ఉంటాం?"

"ఓసి పిచ్చిమొహమా, ఆ పాత రీడర్‌కి ఆ గుర్తు కనపడితే దారి అక్కడితో అయిపోయిందనుకుంటుంది. ముగ్గు దాటి లోపలికి రాలేదు. పాత సిస్టమ్‌లో ఆ ఫైలు ఎక్కడో లోపల పడుండేది, ముగ్గులేని చోట. ఇప్పుడు తెచ్చి ముగ్గు కింద కుక్కారు. ఆ గుర్తు చెరిపెయ్."

జరపనివ్వనిదీ, నకలు తియ్యనివ్వనిదీ ఫోల్డర్ పేరు మాత్రం మార్చనిస్తుంది. మీట మీదికి వేలు పోనిచ్చాను. ఒక చెయ్యి వచ్చి నా వేలిని గట్టిగా పట్టుకుంది. మా అత్త.

చవితి, మధ్యాహ్నం

గట్టు వాళ్లకి తెలియదు కాబట్టి రాస్తున్నాను. మాలో ముగ్గు లేని గుమ్మానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారని.

"నా కొడుకు లోపల ఊపిరి తీసుకుంటుంటే, వాడి గుమ్మంలో ముగ్గు చెరుపుతావా?" అంది అత్త.

"అత్తా, అది గుమ్మం కాదు. ఫోల్డరు."

"వాడి డబ్బాకి పెట్టిందా కాదా?"

"డబ్బాకే."

"వాడు డబ్బాలో ఉన్నాడా లేడా?"

నాకూ వేలు ఆడలేదు. పెళ్లయి వచ్చినప్పటినుంచీ నేనూ పెడుతున్నదే. అయినా కోపం తన్నుకొచ్చింది. "చెరపకపోతే కాళ్లు పోతాయత్తా! జీవితాంతం నువ్వు ఎత్తుకు తిప్పుతావా?" అని అరిచాను. "కాళ్లు లేకపోయినా బతికుంటాడు" అని ఆవిడ అరిచింది. రేడియోలో బాబాయ్ అరుస్తున్నాడు. నిశ్చింత మధ్యలో దూరి, శబ్దస్థాయి ఎక్కువగా ఉందని చెప్పింది. దాన్ని ఏమన్నానో ఇక్కడ రాయను, ఎర్రగీతలు చాలవు.

లోపలి ఫోన్ మోగింది. "అమ్మా, ఏంటి గోల?" అన్నాడు లోవరాజు. ఆవిడ గుండ్రటి అద్దం దగ్గరకి పరిగెత్తింది.

"ఏం లేదు నాయనా. నీకెలా ఉంది?"

"నా మోకాలు నేనే తడుముకుంటున్నానే అమ్మా. ఇంకెవరి మోకాలో తడుముతున్నట్టుంది."

అత్త అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చింది. "జరుగు" అంది. "పెట్టింది నేను. చెరిపేదీ నేనే. ఆ పాపం నీకెందుకు?" ఏ మీటో చూపించాను. కళ్లు మూసుకుని నొక్కింది. నొక్కాక ఆ వేలిని కొంగులో చుట్టుకుంది.

పేజీ తెరుచుకుంది. అంకెలన్నీ ఉన్నాయి. లోపల రోగి పక్కన ఇంకో మనిషి తప్పక ఉండాలని కూడా ఉంది. మునకగాళ్లెవరూ మంచె మీద లేరు. మీటల దగ్గర నుంచి నేను కదలకూడదు. "నేనెళ్తా" అంది అత్త. ఈ వయసులో వద్దన్నాను. వింటేగా. లోపలి ఒత్తిడి జారకుండా మనిషిని పంపే పక్క అర చిన్న తలుపులోంచి పంపి, "చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని ఊదత్తా" అని చెప్పాను. "ఇంతమందిని కన్నాను, చెవి నొప్పికి ఏడుస్తానా?" అంది.

లోతు ఎక్కించాను.

షష్ఠి, పాటు వేళ

ఈ మధ్యలో ఏమీ రాయలేదు. అంకెలు చూస్తూ కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే ఎప్పుడూ ఒకటే దృశ్యం. అత్త వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది.

ఇవాళ ఇద్దర్నీ బయటికి తెచ్చాను. కుడికాలు వచ్చేసింది. మోకాలు మడుస్తున్నాడు, పాదం ఆడిస్తున్నాడు. ఎడమకాలు బరువు మోస్తుంది గానీ మడమ ఈడ్చుకుపోతోంది. వేళ్లు కదలడం లేదు. డాక్టరమ్మ ఫోన్‌లో అంతా విని, "ప్రాణం నిలబెట్టావు" అంది. ఎడమకాలు సంగతేమిటని అడిగాను. "పొద్దున్నే పట్టిక దొరికి ఉంటే రెండూ వచ్చేవమ్మా" అంది. ఆవిడ తప్పేం లేదు, అడిగాను కాబట్టి చెప్పింది. ఇంక వాడు నీళ్లలోకి దిగలేడు.

అత్త అన్నం ముట్టడం లేదు. ఏమడిగినా పలకదు. కొంగులో ఆ వేలు దాచుకుని కూర్చుంటోంది.

అష్టమి, పోటు వేళ

గట్టు ఆఫీసు నుంచి నివేదిక వచ్చింది. ఇలాంటి రోత నా జన్మలో చదవలేదు.

ఆలస్యానికి కారణం, ఫోల్డర్ పేరులో "అనధికార చిహ్నం" అట. దాన్ని పెట్టింది "సాంకేతిక అవగాహన లేని కుటుంబసభ్యురాలు" అట. మూఢనమ్మకం అని కూడా ఉంది. సాక్ష్యంగా ప్రణీత్ తీసిన ఫోటో జతచేశారు, పసుపు వేలితో అత్త మీట నొక్కుతున్నది. ఆ రోజు క్యూట్‌గా ఉంది, ఇవాళ సాక్ష్యం అయింది. మా గంజి తాగిన నోరేగా అది. రీడర్ ఎవరు తీసేశారు, నేను పెట్టిన టికెట్ ఎందుకు మూలపడింది, ఫైలుని కదలనివ్వకుండా ఎవరు కట్టేశారు, ఆ ఊసే లేదు. కింద నేను సంతకం పెట్టాలి. సాయంత్రం అన్నాల గదిలో మంచె జనమంతా వినేలా చదివి వినిపించాలి.

లోవరాజు కర్ర పట్టుకుని వచ్చి నా భుజం మీంచి చదివేశాడు. "అమ్మ విందంటే చచ్చిపోద్ది వదినా" అన్నాడు చివరికి.

"వినదు" అన్నాను.

అష్టమి, అన్నాల వేళ

అందరూ కూర్చున్నారు. అత్త మూల బల్ల మీద, ముందు ఖాళీ పళ్లెం. నేను నిశ్చింత తెర ముందు నిలబడి చదివాను. "ఆలస్యానికి కారణం, పాత ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్‌ని ముందుగా చెప్పకుండా తీసేయడం. తప్పు గట్టు ఆఫీసుది. ఇంతే." జనం తలలూపారు. అత్త తలెత్తింది. ఆ మొహంలోకి రక్తం రావడం నేను చూశాను.

అప్పుడు నిశ్చింత, ఆ తేనె గొంతుతో, గది నిండా వినిపించేలా మాట్లాడింది. "వీరవేణి గారూ, మీరు చదివింది పత్రంతో సరిపోలడం లేదు. సరైన పాఠం నేను వినిపిస్తాను." నేను మీటలన్నీ కొట్టాను. ఆగలేదు. అనధికార చిహ్నం, కుటుంబసభ్యురాలు, మూఢనమ్మకం, ఒక్కటీ వదలకుండా చదివింది. దీని దుంప తెగ, పేరు కూడా చదివింది. మసేనమ్మ అని, గారు కూడా తగిలించి.

లోవరాజు కర్ర కోసం తడుముకుంటున్నాడు. అత్త లేచింది. ఈవిడ పడిపోతుందని అడుగు ముందుకేశాను. పడలేదు. తెర ముందుకొచ్చి నిలబడింది.

"వేణీ, ఆ పుస్తకం తెరిచే సాధనం ముందే తీసేసింది ఎవరే?"

"గట్టు వాళ్లే అత్తా."

"అయితే ముందు చెరిపింది వాళ్లు. నేనూ చెరిపాను, నా కొడుకు కోసం చెరిపాను. వాళ్లు చెరిపింది ఎవరి కోసమో అడగవే దాన్ని."

అడిగాను. ఆవిడన్న మాట అన్నట్టే అడిగాను. తెర మీద, ఆగండి ఆలోచిస్తున్నానన్నట్టు, సున్నా తిరగడం మొదలైంది. కాసేపు నిలబడి చూశాం. "నాకు అన్నం పెట్టండ్రా" అంది అత్త, బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. లోవరాజు మడమ ఈడ్చుకుంటూ వెళ్లి వడ్డించాడు. ఆవిడ పులుసు రెండుసార్లు వేయించుకుంది. అందరం తిని, పళ్లేలు కడిగి బోర్లించి, బల్లలు తుడిచాక కూడా ఆ సున్నా తిరుగుతూనే ఉంది.

సంతకం పెట్టలేదు.